చదరంగమున సగము పద్దు

మన గ్రంథాలయమునకు 25 ఏండ్లు నిండిన ఈ శుభసమయమున సంచికకొక వ్యాసము వ్రాసి యిమ్మని కార్యవర్గమువారు నన్ను కోరిరి. గ్రంథాలయపు పుట్టుపూర్వోత్తరములను, దాతల ఔదార్యమును వర్ణించుటకు నాకంటె పెద్దలు, విద్వాంసులు కలరు. నేను ఊరి లెక్కలు వ్రాయువాడను. పగలు జమాఖర్చులు, రాత్రి దీపము చెంత భారతభాగవతములు, ఇంతియే నా చదువు. కావున నాకు చేతనైన లెక్కయొక్కటి వ్రాయుదును. అది చదరంగపు లెక్క. అందును గెలుపు లెక్క కాదు, ఓటమి లెక్క కాదు. ఆ రెంటికిని నడుమనున్న సగము లెక్క.

మన పఠనమందిరమున వార్తాపత్రికల బల్ల ప్రక్కన చదరంగపు బల్ల యొకటి యుండుట సభ్యులందరు ఎరిగినదే. గ్రంథాలయము పెట్టిన క్రొత్తలో సంక్రాంతికి సభ్యులలో పోటీలు జరుపుచుండెడివారము. ఫలితములు వ్రాయు పుస్తకము నా వశముననే యుండెడిది. ఒక యేడు, అడవి గూడెమునుండి మన ఊరి బడికి వచ్చి చదువుకొనుచున్న పదునాలుగేండ్ల బాలుడొకడు పోటీకి పేరిచ్చెను. వాని తలిదండ్రులు వేసవిలో తునికాకు కోసి కల్లమునకు తెచ్చువారు. ఏబది ఆకుల కట్టలో ఒక్క ఆకు తగ్గినను కట్టను త్రోసివేయు చోట లెక్క నేర్చిన పిల్లవాడు. మొదటి దినముననే వానికిని నాకును ఆట పడెను. ఆ దినములలో నన్ను ఓడింపగలవారు ఈ ఊర ఇద్దరు ముగ్గురుకంటె లేరు. వాడు ఆట నేర్చి యేడాదియైనను కాలేదు.

గంటన్నరసేపు ఆడితిమి. తుదకు వానికి రాజొక్కడే మిగిలెను. నాకు రాజును, మంత్రియు మిగిలిరి. వాని రాజు మూలగడిలో నుండెను. ఆటకట్టు చేయవలెనను తొందరలో నేను నా మంత్రిని ఆ మూలగడికి గుర్రపు దూకంత దూరమున నిలిపితిని. దానితో వాని రాజునకు చెక్ లేదు. కాని అడుగు పెట్టుటకు గడియును లేదు. వాడు కొంత తడవు బల్లను చూచి, "సారూ, నా రాజుకు చెక్ లేదు, నడవటానికి చోటు లేదు. మరి ఆట సరే గదా?" అని అడిగెను. నేను నవ్వి, "రాజు కదలలేకపోతే ఓడినట్టే" అంటిని. చుట్టును కూర్చున్న పెద్దలు నా మాటకే తలలూచిరి. నియమముల పుస్తకము అప్పటికి మన బీరువాలో లేదు. నేను నా పేరెదుట ఒకటియు, వాని పేరెదుట సున్నయు వ్రాసితిని. వాడు మారుమాటాడక పావులను పెట్టెలో సర్ది వెడలిపోయెను. మరల పోటీకి రాలేదు.

కొన్ని యేండ్లకు చదరంగ నియమముల పుస్తకమొకటి మన గ్రంథాలయమునకు వచ్చెను. జాబితాలో ఎక్కించుటకై తెరచి చూచితిని. ఆ పుటలో వ్రాసియున్నది ఆ పిల్లవాడు చెప్పినదే. చెక్ లేని రాజు కదలుటకు చోటు లేక నిలిచిపోయి, వేరు పావుతో ఆడుటకును వీలు లేనప్పుడు ఆ ఆట సరి. ఇరువురకు చెరి సగము. ఆ సగము వానిది. దానిని నేను నా ఖాతాలో జమ వేసికొంటిని. ఆనాటినుండి ఈ సగమనునది ఎక్కడినుండి వచ్చినదో, దాని విలువ ఎంతయో, దొరికిన పుస్తకములలోను పత్రికలలోను వెదకి చదువుచు వచ్చితిని. నేను తెలిసికొన్నది పాఠకుల ముందుంచుచున్నాను.

చతురంగము మన దేశమున పుట్టిన ఆట యని చరిత్రకారులలో అధికసంఖ్యాకులు చెప్పుదురు. 7వ శతాబ్దమునాటి బాణభట్టుని హర్షచరితమున చతురంగ ప్రసక్తి కలదు. 12వ శతాబ్దమున కల్యాణి చాళుక్యరాజైన సోమేశ్వరుడు రచించిన మానసోల్లాసమున రాజుల వినోదములలో ఈ ఆటకును స్థానము కలదు. ఇక్కడినుండి పారశీకులకు, వారినుండి అరబ్బులకు, వారినుండి ఐరోపావారికి ఆట చేరెను. చేరిన చోట నెల్ల నియమములు మారెను. చెక్ లేక కదలను లేక చిక్కిన రాజును గూర్చిన నియమమును అట్లు పలుమారులు మారినదే. ఇంగ్లండున 17వ శతాబ్దమునుండి 19వ శతాబ్దారంభము వరకు, ఎదిరి రాజును అట్లు చిక్కించినవాడే ఓడినట్లు లెక్కించెడివారు. బలము చేతనుండియు దానిని సరిగా వాడుకొనలేనివానికి అది శిక్ష యని కాబోలు. ఆ కాలమున, ఆ దేశమున నేను ఆడియుండినచో సున్న నా పేరెదుటనే పడెడిది! పిదపనే అది సరియైన ఆటగా స్థిరపడినది.

ఆట సరియగుటకు మరికొన్ని త్రోవలు కలవు. బల్లపై అదే స్థితి మూడు మారులు వచ్చినచో సరి యని కోరవచ్చును. ఒక్క పావైనను పట్టక, ఒక్క బంటునైనను కదపక ఇరువురును చెరి 50 ఎత్తులు ఆడినచో అట్లే కోరవచ్చును. ఆటకట్టునకు చాలినంత బలము ఇరువురకును లేనిచో ఆట అంతటితో ముగియును. ఇరువురును ఒప్పుకొన్నను సరియే. ఇందు ఏ త్రోవలోను బలహీనునిపై జాలి చూపుట యను మాట లేదని పాఠకులు గమనింతురుగాక. ప్రతి త్రోవయు ఆడి సంపాదించుకొనదగినదే.

సరియైన ఆటకు సగము మార్కు వేయుటయు మొదటినుండి యున్న ఆచారము కాదు. లండను నగరమున 1862లో జరిగిన పోటీలో సరియైన ఆటను మరల ఆడించిరి. 1867లో పారిస్ పోటీలో సరియైనచో ఇరువురకును సున్నయే. అదే 1867లో స్కాట్లండు దేశమున డండీ పట్టణమున జరిగిన పోటీలో చెరి సగము వేసిరి. ఒకే యేడు ఒక ఊర సున్న, వేరొక ఊర సగము! ఆట అదే, శ్రమ అదే. లెక్క వ్రాయు చేయి మాత్రము వేరు. తుదకు లోకము డండీ లెక్కనే మెచ్చుకొన్నది. నేడు ప్రపంచమంతట నడచుచున్నది ఆ సగమే.

ఇక మన తెలుగు సీమకు వత్తము. స్వతంత్ర భారతమున మొదటి జాతీయ చదరంగపు పోటీ 1955లో మన గోదావరికి దిగువనున్న ఏలూరున జరిగెను. అప్పటికి ఆంధ్రప్రదేశ్ ఏర్పడలేదు. ఆంధ్ర రాష్ట్రమే యుండెను. ఆ పోటీలో ఆంధ్రుడైన డి. వెంకయ్యగారును, మహారాష్ట్రుడైన రామచంద్ర సప్రేగారును సమానముగా ప్రథమస్థానము నందిరి. మన దేశపు మొదటి జాతీయ పద్దే ఇట్లు ఇరువురి పేర వ్రాయబడినది.

ఏలూరునకు పొరుగున కృష్ణాజిల్లాలో గుడివాడ కలదు. శ్రీమతి కోనేరు హంపి 1987 మార్చి 31న అచ్చట జన్మించెను. తండ్రియైన అశోక్‌గారే తొలి గురువు. 2002లో, 15 ఏండ్ల ప్రాయమున, ఆమె గ్రాండ్‌మాస్టర్ బిరుదు పొందెను. అంత చిన్న వయస్సున ఆ బిరుదు పొందిన స్త్రీ అప్పటికి లోకమున వేరొకతె లేదు. 2019లోను, మరల 2024లోను వేగపు చదరంగమున ప్రపంచ విజేతయయ్యెను. గుంటూరున జన్మించిన శ్రీమతి ద్రోణవల్లి హారిక 2011లో గ్రాండ్‌మాస్టరై, మన దేశమున ఆ బిరుదు పొందిన రెండవ స్త్రీయయ్యెను. ఇట్లు మొదటి ఇరువురును తెలుగు ఆడపడుచులే. పఠనమందిరమున చదరంగపు బల్ల మగపిల్లలదే యని తలచు తండ్రులు ఈ మాట మరువరాదు.

2025 జూలైలో జార్జియా దేశమున బటూమి నగరమున స్త్రీల ప్రపంచ కప్పు జరిగెను. 107 మంది క్రీడాకారిణులు కూడిరి. ఓడినవారు ఇంటికి పోవలసిన పోటీ యది. నాగపూరునకు చెందిన కుమారి దివ్యా దేశ్‌ముఖ్ అందు 15వ స్థానపు క్రీడాకారిణిగా దిగెను. వయస్సు 19. అప్పటికి ఆమెకు గ్రాండ్‌మాస్టర్ బిరుదు లేదు. క్వార్టర్ ఫైనల్‌న ఆమెకు హారిక ఎదురయ్యెను. దీర్ఘకాలపు ఆటలు రెండును సరియయ్యెను. పిమ్మట తీర్పు కొరకు పెట్టిన వేగపు ఆటలు రెండింటను దివ్య గెలిచెను. సెమీ ఫైనల్‌న మాజీ ప్రపంచ విజేతయైన చీనా వనిత తాన్ జోంగ్‌యీని దాటి ఫైనల్ చేరెను. అచ్చట ఎదుట కూర్చున్నది కోనేరు హంపి. ఇరువురు భారతీయులు ఆ కప్పు ఫైనల్‌న తలపడుట అదియే మొదలు.

హంపి వయస్సు 38. ఆమె రేటింగు 2543, దివ్య రేటింగు 2463. జూలై 26న మొదటి ఆట 41 ఎత్తులకు సరియయ్యెను. అందు తెల్లపావులతో ఆడిన దివ్యకు మొదట మేలైన అవకాశము వచ్చి చేజారెను. జూలై 27న హంపి తెల్లపావులతో ఆడెను. ఆ ఆటయు 34 ఎత్తులకు సరియయ్యెను. పత్రికలలో 'ఫలితము తేలలేదు' అను మాటను మనము చదివియుందుము. లెక్కలు వ్రాయువానిగా నేను ఆ మాటకు ఒప్పుకొనజాలను. ఫలితము తేలినది. ఎట్లో చూపుదును.

రేటింగు అనునది ఆటగాని బలమును అంకెలలో చూపు ఖాతా. హంగరీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన భౌతికశాస్త్రాచార్యుడు అర్పాడ్ ఎలో దానిని ఏర్పరచెను. ప్రపంచ చదరంగ సమాఖ్య 1970లో దానిని స్వీకరించెను. ఆ లెక్క ప్రకారము ఇరువురి నడుమ 80 పాయింట్ల తేడా యున్నచో, 100 ఆటలాడిన బలవంతునికి 61 మార్కులును, బలహీనునికి 39 మార్కులును రావలెనని అంచనా. అనగా ఒక్క ఆటకు హంపికి రావలసినది 0.61, దివ్యకు రావలసినది 0.39. ఆట సరియైనందున ఇరువురకును 0.50 వచ్చెను. హంపికి 0.11 తరుగు, దివ్యకు 0.11 పెరుగు. ఆ స్థాయి ఆటగాండ్రకు ఈ తేడాను 10తో హెచ్చింతురు. కావున ఒక్కొక్క సరి ఆటకు 1.1 పాయింట్లు ఒక ఖాతాలో ఖర్చు, వేరొక ఖాతాలో జమ. రెండాటలకు 2.2. తేడా 200 పాయింట్లైనచో ఒక్క సరి ఆటకే 2.6 చేతులు మారును. ఇరువురును సమబలులైనచో మాత్రమే ఏమియు మారదు.

చూచితిరా! మార్కుల పట్టికలో ఇరువురకు చెరి సగమే. కాని బలముల ఖాతాలో పెద్దవారినుండి చిన్నవారికి కొంత సొమ్ము నడచిపోయినది. మనవారు అప్పు తీరినప్పుడు 'చెల్లుకు చెల్లు' అందురు. సమబలుల నడుమ సరియైన ఆట చెల్లుకు చెల్లు. బలవంతునికిని బలహీనునికిని నడుమ సరియైన ఆట అట్టిది కాదు. ఒకనికది తరిగిన సగము. వేరొకనికది పెరిగిన సగము. ఒకే అంకెను ఎవరి పేరెదుట వ్రాసితిమన్నదానిని బట్టి దాని విలువ మారును.

అంతటితో ఆ సగము పని తీరలేదు. ఓడినచో జూలై 27ననే దివ్య కథ ముగిసియుండెడిది. రెండు సగములును ఆమెను మరునాటి వరకు నిలిపినవి. జూలై 28న వేగపు ఆటలు పెట్టిరి. అందు మొదటిది మరల సరి. రెండవదానిలో నల్లపావులతో ఆడి దివ్య గెలిచెను. ఆ కప్పు గెలిచినందున గ్రాండ్‌మాస్టర్ బిరుదు ఆమెకు నేరుగా లభించి, ఆమె మన దేశపు 88వ గ్రాండ్‌మాస్టర్ అయ్యెను. తెలుగువారమైన మనకు హంపి ఓటమి కొంత కష్టము కలిగించుట సహజము. కాని 38వ యేట ప్రపంచ కప్పు ఫైనల్ వరకు నడచి, తనలో సగము వయస్సు పిల్లకు దీర్ఘకాలపు ఆటలలో లొంగక నిలిచిన ఆమె ఘనత ఏమియు తరుగలేదు.

సగము వెంట సగము కూడబెట్టి నిలిచినవారికి లోకమున వేరొక గొప్ప తార్కాణము కలదు. 1984 సెప్టెంబరున మాస్కోలో ప్రపంచ విజేత కార్పోవ్‌తో 21 ఏండ్ల కాస్పరోవ్ పోటీకి దిగెను. ముందు ఆరు ఆటలు గెలిచినవాడే విజేత. సరియైనవి లెక్కకు రావు. తొమ్మిదాటలు ముగియునప్పటికి కార్పోవ్ నాలుగు గెలిచియుండెను. కాస్పరోవ్ ఒక్కటియు గెలువలేదు. అటుపై వరుసగా 17 ఆటలు సరి! 27వ ఆట కార్పోవ్ గెలిచెను. ఇక ఒక్కటి గెలిచినచో చాలును. కాని ఆ ఒక్కటి రాలేదు. 32వ ఆటలో కాస్పరోవ్ తొలి గెలుపు చూచెను. 47, 48 ఆటలును అతడే గెలిచెను. 1985 ఫిబ్రవరి 15న, 48 ఆటల పిమ్మట, ఆ పోటీని మధ్యలోనే నిలిపివేసిరి. అందు 40 ఆటలు సరియైనవే. ఆ యేడే నవంబరున, క్రొత్తగా జరిపిన పోటీలో కాస్పరోవ్ ప్రపంచ విజేతయయ్యెను. లెక్కకు రావన్న ఆ సరి ఆటలే అతనిని బ్రతికించినవి.

బలహీనుని పక్షమే చెప్పి బలవంతుని ధర్మము చెప్పకుండుట న్యాయము కాదు. చెన్నపట్టణమున తెలుగు కుటుంబమున 2006లో పుట్టిన దొమ్మరాజు గుకేశ్, 2024లో సింగపూరులో ప్రపంచ విజేతయైన చీనా వీరుడు డింగ్ లిరెన్‌తో తలపడెను. బిరుదు డింగ్‌దైనను రేటింగున గుకేశే ఎక్కువ: 2783కు 2728. నాల్గవ ఆట మొదలు పదవ ఆట వరకు ఏడును వరుసగా సరి. 13 ఆటలకు ఇరువురకును చెరి 6.5. డిసెంబరు 12న 14వది, తుది ఆట. గుకేశ్‌కు ఒక్క బంటు ఎక్కువ. చూచువారందరును ఇది సరియే యనుకొనుచుండిరి. గుకేశ్ సగముతో తృప్తి పడక, గంటల తరబడి ఎదిరిని శ్రమపెట్టుచు ఆడెను. 55వ ఎత్తున డింగ్ ఏనుగును తప్పుగడిలో పెట్టెను. అంతటితో ఆట ముగిసెను. 18 ఏండ్ల గుకేశ్ 7.5కు 6.5గా గెలిచి 18వ ప్రపంచ విజేతయయ్యెను.

బలవంతుడు సగము నొల్లనిచో చేయవలసినది ఇదియే. బల్లపై మరికొంత శ్రమపడి గెలువవలెను. ఎదిరి సంపాదించిన సగమును నోటిమాటతో త్రోసిపుచ్చరాదు. గుకేశ్ మొదటిది చేసెను. మన పఠనమందిరమున నేను చేసినది రెండవది. ఆనాడు నాకు మంత్రి యుండెను, వయస్సుండెను, తలలూచు పెద్దలుండిరి, కలము నా చేతనే యుండెను. ఆ పిల్లవాని వద్ద న్యాయమొక్కటే యుండెను. దానికి బీరువాలో ఒక పుస్తకమైనను తోడు లేకపోయెను. నియమము తెలియక తప్పితినని కొందరు నన్ను క్షమింపవచ్చును. కాని తెలియనప్పుడు అడిగి తెలిసికొందమని యైన నేను అనలేదు. తెలిసినట్లే తీర్పు చెప్పితిని. అదియే నా అసలు తప్పు.

గ్రంథాలయమేల యని అప్పుడప్పుడు కొందరు అడుగుచుందురు. ఈ అడవి యంచున, రోడ్డు పొడవునా పొలము పనులు, ఆకు పనులు చేసికొను మన ప్రజలకు పుస్తకమేమి పెట్టునని వారి ప్రశ్న. నా జవాబిది: పెద్దవాని మాటకును చిన్నవాని మాటకును నడుమ తగవు వచ్చినప్పుడు ఎవరి మొగము చూడక జవాబు చెప్పునది పుస్తకము. ఆనాడు అది మన బీరువాలో నుండినచో ఒక బాలుడు తన సగముతో ఇంటికి పోయెడివాడు. మరుసటి యేడు మరల వచ్చెడివాడు. నన్ను ఓడించెడివాడేమో కూడ.

లెక్కలు వ్రాయువారికి ఒక కట్టుబాటు కలదు. తప్పుగా పడిన పద్దును గీకివేయరాదు, పుట చింపరాదు. తప్పు కనబడునట్లుగనే దానిపై అడ్డగీత గీసి, ప్రక్కన సరియైన అంకె వ్రాసి, వ్రాసినవాడు చేవ్రాలు చేయవలెను. ఈ వ్యాసము వ్రాయుటకు ముందు బీరువా అడుగునుండి ఆ పాత పోటీల పుస్తకమును వెలికి తీయించితిని. నా పేరెదుటి ఒకటిని, ఆ బాలుని పేరెదుటి సున్నను అడ్డగీతతో కొట్టివేసి, రెండు చోట్లను 'సగము' అని వ్రాసి, నేటి తేదీ వేసి చేవ్రాలు చేసితిని. ఆ బాలుడు నేడు పెద్దవాడై యుండును. ఆతని పేరు ఇచట వ్రాయను. ఈ పుటలు ఆతని చేతబడినచో ఎవరిని గూర్చి వ్రాసితినో ఆతనికి తెలియును. చదరంగపు బల్ల ఆ చోటనే యున్నది. నేనును సాయంకాలములందు అచటనే యుందును. ఆతడు వచ్చి మరల ఒక ఆట ఆడినచో నాకంతకంటె సంతోషము లేదు.

కార్యవర్గమువారికి నాదొక మనవి. నియమములను పెద్ద అక్షరములతో వ్రాయించి చదరంగపు బల్లపైన గోడకు తగిలింపుడు. ఎట్టి పసివాడైనను వ్రేలుపెట్టి చూపి, తన సగము తాను అడిగి తీసికొనగలుగును. మన గ్రంథాలయము ఇట్లే ఎవరి పాలు వారికి కొలిచి యిచ్చుచు, స్వర్ణోత్సవమును వజ్రోత్సవమును జరుపుకొనుగాక యని ప్రార్థించుచు విరమించుచున్నాను.